కింద రెండు, పైన రెండు

లింగస్వామి గోడ మీద దోసెడు నీళ్లు చల్లి, అవి ఇంకేదాకా ఆగి, సుద్దముక్కతో అడుగు చదరం గీశాడు. రెండడుగులు వెనక్కి జరిగి, కళ్లు చికిలించి, గీతలు వంకర పోలేదని చూసుకున్నాడు. ఎడమచేత్తో ఉలిని గీత మూలకు ఆనించి కుడిచేత్తో సుత్తె ఎత్తాడు. రెండు దెబ్బలకే పూత పెళ్లలుగా రాలింది. పోయిన నెలలో ఆ గోడ కట్టింది తనే. సిమెంటు మాలు పూసి, చెక్కతో రుద్ది, నున్నగా చేసింది తనే. ఎండకు పగుళ్లు పట్టకుండా పొద్దునా సాయంత్రం పైపు పట్టుకుని తడిపింది కూడా తనే. ఇప్పుడు దాన్నే కొట్టమన్నారు, కొడుతున్నాడు.

యాభై తొమ్మిదేళ్ల మనిషి. బక్కపలచని ఒళ్లు, మాసిన గడ్డం, మోకాళ్ల పైకి ఎగగట్టిన లుంగీ. వేళ్ల కొనల మీది గీతలను సిమెంటు ఏనాడో తినేసింది. రేషన్ దుకాణంలో యంత్రం మీద బొటనవేలు పెడితే అది ఒక్కసారికి ఎప్పుడూ గుర్తుపట్టదు. నాలుగుసార్లు తుడిచి పెట్టి, అయిదోసారి గుర్తుపడితే లైనులో ఉన్నవాళ్లు నవ్వుతారు, ఆయనా నవ్వుతాడు. హాలియా చుట్టుపక్కల ఊళ్లలో ఆయన కట్టిన గోడలు కొన్ని వందలుంటాయి. ఏ గోడ మీదా ఆయన పేరు లేదు. ఉండాలని ఆయనకు కూడా ఎన్నడూ తోచలేదు.

ఆ రోజు పొద్దున్నుంచీ ఎడమ రెక్క గుంజుతోంది. ఉలి పట్టిన చెయ్యి కదా, దెబ్బ అదురంతా రెక్కకే పోతుందని సరిపెట్టుకున్నాడు.

ఇల్లు అమరేందర్‌ది. ఆయనకు హాలియాలో విత్తనాలు, ఎరువుల దుకాణం ఉంది. ఊరి చివర, కాలువ కింది మాగాణి అంచున కొత్తగా ప్లాట్లు చేసిన చోట ఇల్లు కట్టుకుని, వెనక మూలకు, ఇంటికి తగలకుండా విడిగా, కారు కోసం ఒక షెడ్డు కట్టించాడు. ఆయన షెడ్డు అంటాడు గాని, లింగస్వామి లెక్కలో అది గదే. పన్నెండడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు, పైన స్లాబు, కింద నున్నటి బండలు, తూర్పుకు ఇనుప షట్టరు. తను, భార్య అండాలు, కూతురు నిరోష పెళ్లయి మిర్యాలగూడ పోయేదాకా ముగ్గురూ బతికిన ఇల్లు మొత్తం కలిపినా అంత ఉండదు. ఈ మాట ఆయన ఎవరితోనూ అనలేదు. అనేంత కోపం కూడా రాలేదు. కొలతలు తీసే మనిషి కాబట్టి కొలత తెలిసింది, అంతే.

ప్లాను కాగితం మీద ఆ గదికి నాలుగు బొక్కలున్నాయి. ఉత్తరపు గోడకు కింద ఒకటి, పైన ఒకటి. దక్షిణపు గోడకు కూడా అట్లాగే. మున్సిపాలిటీ పర్మిషన్ ఆ కాగితం మీదే వచ్చింది. అయితే గోడలు లేచే రోజుల్లో వాస్తు చూసే పెద్దమనిషి ఒకాయన వచ్చి, దక్షిణపు గోడ బొక్కలు నైరుతి మూలకు పడుతున్నాయని, నైరుతికి బొక్కపడితే యజమాని నిలవడని చెప్పి, చల్లగా మజ్జిగ తాగి వెళ్లిపోయాడు. అమరేందర్‌కు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అదే వారం పక్క పొలం గట్టు మీద నాగుపాము కనపడింది. కింద బొక్కలుంటే పాము లోపలికొచ్చి ఇంజనులో చుట్టుకుంటుందని ఆయనకు రెండో భయం మొదలైంది. రెండు భయాలూ కలిసి నాలుగు బొక్కలనూ మింగేశాయి. పాము భయానికి కిందివి మూస్తే సరే, ఉత్తరం గోడ పైన ఉన్నదాన్ని ఎందుకు మూశారంటే ఎవరి దగ్గరా జవాబు లేదు. ‘ఎవడొచ్చి చూస్తడు తీయ్’ అని అమరేందర్ అన్నాడు. ‘అంతే పటేలా’ అని లింగస్వామి అన్నాడు. ఇద్దరూ ఒక్క సంగతి మరిచిపోయారు. ఆ ప్లాను గీసింది అమరేందర్ కూతురు స్నిగ్ధ.

ఆ అమ్మాయి సివిల్ చదివి నల్లగొండలో ప్లాన్లు గీసే ఆఫీసులో పని చేస్తోంది. నిన్న సాయంత్రం వచ్చి, చెప్పులు కూడా విడవకుండా నేరుగా షెడ్డు దగ్గరికి పోయి, నాలుగు గోడలూ చూసి, తల పట్టుకుంది. ఇవాళ సాయంత్రం నాలుగింటికి సునీల్ సారు మున్సిపాలిటీ నుంచి వచ్చి, ప్లాను పక్కన పెట్టుకుని షెడ్డు చూస్తాడు. చూసి బాగుందంటేనే కాగితం చేతికొస్తుంది. రాత్రికి రాత్రి లింగస్వామికి ఫోను పోయింది.

“బండికి గాలెందుకమ్మా? అది మనిషా?” అన్నాడు అమరేందర్, ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని షెడ్డు ముందర కూర్చుని.

“బండికి గాదు నాయినా, బండి ఇడిసేదానికి,” అంది స్నిగ్ధ. “పెట్రోలు ఆవిరి బరువుంటది. పైకి లేవదు, నేల పట్టుకొని ఉంటది. గందుకే కింద రెండు. పొగ, ఉడుకు పైకి పోతయ్. గందుకే పైన రెండు. ఈ గోడకెళ్లి వచ్చిన గాలి ఎదురుగోడకెళ్లి బయటికి పోవాలె. షట్టర్ ఏసుకొని బండి స్టార్ట్ చేసి కూసుంటే, లోపటున్న మనిషికి ఎరుక లేకుండనే కండ్లు మూతపడ్తయ్.”

“మరి నైరుతి సంగతేంది?”

స్నిగ్ధ ఏదో గట్టిగా అనబోయి ఆగింది. తండ్రి భయాన్ని నవ్వి తీసెయ్యడం ఆమెకు చేతకాదు. లింగస్వామి సుత్తె దించి, మెడ మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

“బిడ్డా, బొక్క మూలకే ఉండాలని ఉన్నదా కాయితంల?”

“లేదు తాతా. ఎదురెదురు గోడలకు ఉంటే చాలు. అందాజకు ఆడ గీసిన.”

“అయితే మూలకెళ్లి ఆరడుగులు ఇవతలికి జరుపుత. గప్పుడది నైరుతి గాదు పటేలా, నడిమి గోడ. పాముకు ఫికర్ వద్దు. లోపటికెళ్లి సన్న ఇనుపజాలీ బిగిస్త. చీమ దూరాలన్నా ఆలోచించాలె.”

అమరేందర్ లేచి నిలబడి, మూల నుంచి ఆరడుగులు తన అడుగులతో తనే వేసుకుని చూశాడు. వాస్తు ఆయనకు ఫోను చేసి అడిగాడు. అవతల ఆయన నడిమి గోడకు అభ్యంతరం లేదన్నాడు. అంతే, నెలరోజుల భయం రెండు నిమిషాల్లో తీరిపోయింది. “గీ ముచ్చట ముందే చెప్పొద్దా లింగస్వామీ” అన్నాడు అమరేందర్. లింగస్వామి నవ్వి మళ్లీ సుత్తె ఎత్తాడు.

ముందే చెప్పొద్దా అన్న మాట మాత్రం ఆయన్ను వదల్లేదు. అమరేందర్ సరదాగా అన్నాడు గాని, అది పోయి తగలాల్సిన చోట తగిలింది. లింగస్వామికి ఇంకొక గోడ జ్ఞాపకం వచ్చింది. జ్ఞాపకం రావడమేమిటి, అది మరిచిపోతే కదా.

కాలువ అవతలి ఊళ్లో ఆయన ఇంటి వెనక గోడ అది. ఆ గోడకు ఇటు పక్క వంటిల్లు, అటు పక్క అన్న ఎల్లయ్య పెరడు. పన్నెండేళ్ల కింద తండ్రి పోయాక అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నారు. ఎల్లయ్య పెరట్లో సరిగ్గా ఆ గోడ పక్కనే తానాల జాగా ఉండేది. చుట్టూ నాలుగు తడికలు, పైన ఆకాశం. ఎల్లయ్యకు ఇద్దరు ఎదిగిన ఆడపిల్లలు. తమ్ముని వంటింటికి అటువైపు కిటికీ పెడితే ఎట్లా అని ఎల్లయ్య అడిగాడు. అడిగిన మాటలో తప్పేమీ లేదు. అడిగిన తీరే బాగాలేదు. పదిమందిలో, తమ్ముని కళ్ల మీద అనుమానం ఉన్నట్టుగా అడిగాడు. పెద్దమనుషులు కాగితం రాశారు: ఆ గోడకు కిటికీ గాని, వెంటిలేటర్ గాని, బొక్క గాని పెట్టరాదు. లింగస్వామి సంతకం పెట్టి, మర్నాడే తాపీ పట్టుకుని ఆ గోడ కట్టాడు. ఎల్లయ్య నులక మంచం వేసుకుని కూర్చుని చూస్తున్నాడు. అన్న చూస్తున్నాడన్న కసితో ఇటుకకూ ఇటుకకూ మధ్య దారం దూరే సందు కూడా లేకుండా కట్టాడు. ఆయన బతుకులో కట్టిన గోడల్లోకెల్లా గట్టి గోడ అదే. అప్పటినుంచి అన్నదమ్ములకు మాటల్లేవు.

ఆ గోడ లోపల అండాలు పన్నెండేళ్లుగా వండుతోంది. గ్యాసు పొయ్యి ఉంది గాని, అది చుట్టాలొస్తే చాయ్ పెట్టడానికి. అన్నం, రొట్టె, ఉడుకునీళ్లు అన్నీ కట్టెల మీదే. పొగ పైకి పోతుంది, రేకులకు తగులుతుంది, అక్కడ ఏ దారీ లేక మళ్లీ కిందికి దిగుతుంది. దిగి, వంగి కూర్చున్న అండాలు ముఖం మీద కూర్చుంటుంది. రెండేళ్ల నుంచి ఆమెకు దగ్గు. ఈ ఎండాకాలం ఊపిరి ఆడనివ్వని దమ్ము కూడా తోడైంది. నల్లగొండ దవాఖానలో డాక్టరమ్మ ఛాతీ ఫోటో తీయించి చూసి, మందులు రాసి, మందులు రాసిన చేత్తోనే లింగస్వామి వైపు వేలు చూపించింది. ‘వంటింటికి గాలి లేకుంటే ఈ మందులు ఉత్తవే. ఇంకొక చలికాలం ఈమె తట్టుకోదు’ అంది. ఆ మాట చెప్పి నెల దాటింది. నెలరోజులుగా లింగస్వామి పొద్దున లేచి ఆ గోడను చూస్తున్నాడు, మోపెడ్ తీసుకుని పనికి వస్తున్నాడు. గోడలు కొట్టడమూ కట్టడమూ తప్ప వేరే విద్య తెలియని మనిషి, తన భార్యకు ప్రాణం పోస్తుందని తెలిసి కూడా, ఒక్క గోడకు ఒక్క బొక్క కొట్టలేకపోతున్నాడు. పెట్టిన సంతకం ఒకటి, అన్నను అడగడానికి నోరు రాకపోవడం ఒకటి.

పన్నెండున్నరకు రెండు గోడలకూ కింది బొక్కలు తెరుచుకున్నాయి. దక్షిణం వైపు నుంచి కోతమిషను దుమ్ము, ఎండిన వరిగడ్డి వాసన లోపలికి వచ్చాయి. లింగస్వామి షెడ్డు నీడన కూర్చుని సద్ది డబ్బా విప్పాడు. అన్నం, మామిడికాయ తొక్కు, ఒక ఉల్లిగడ్డ. మూత తీయగానే పొగ వాసన. ఇన్నేళ్లూ ఆ వాసన ఉండే ఉంటుంది, అన్నం వాసనే అట్లా ఉంటుందని అనుకున్నాడేమో. ఇవాళ అది పొగ అని ముక్కుకు తెలిసింది. మూడు ముద్దలు తిన్నాక లోపలికి పోలేదు. ఛాతీ మీద ఎవరో ఇటుకల తట్ట దించినట్టుంది. ఎండ దెబ్బ అనుకుని నీళ్లు తాగాడు.

స్నిగ్ధ మజ్జిగ గ్లాసు తెచ్చిచ్చి, టేపు పట్టుకుని బొక్కల కొలతలు చూసుకుంటోంది. ఆయన ఎటో చూస్తూ అడిగాడు.

“బిడ్డా, వంటింటికి ఎంత బొక్క ఉండాలె?”

“వంటిల్లు ఎంతుంది తాతా?”

“ఏడడుగులు, ఎనిమిదడుగులు ఉంటది.”

“కిటికీ ఎటున్నది?”

“లేదు. తలుపొక్కటే.”

స్నిగ్ధ టేపు వదిలేసింది. అది చప్పుడు చేసుకుంటూ చుట్టుకుపోయింది. “కట్టెల పొయ్యా?”

“ఆ.”

“ఎవరిది తాతా?”

“తెలిసినోళ్లది. ఒకామెది.”

“కిటికీ సంగతి తర్వాత. ముందు పైన, సూరుకు దగ్గర, అడుగంత బొక్క కొట్టుమను. తలుపు కింద గాలి వస్తది, పొగ పైకెళ్లి పోతది. మనిషి ఎత్తుకు పైన ఉంటది కాబట్టి ఎవలకూ ఏం కానరాదు. సగం పూట పని.” ఆమె కొంచెం ఆగి, కోపంగా అంది. “అసలు గసొంటి వంటిల్లు ఎవడు కట్టిండు తాతా?”

“ఎవడో మేస్త్రి,” అన్నాడు లింగస్వామి.

ఆ పిల్ల కోపం ఎవరి మీదో ఆమెకు తెలియదు. తెలిసిన ఆయన తల వంచుకుని, ఆకలి లేని అన్నం మీద మూత పెట్టాడు. మనిషి ఎత్తుకు పైన అన్నమాట దగ్గరే ఆయన మనసు ఆగిపోయింది. నైరుతి బొక్కను ఆరడుగులు జరిపితే చాలని ఊరివాళ్లకు చెప్పగలిగిన తనకు, వంటింటి బొక్కను మూడడుగులు పైకి జరపవచ్చని పన్నెండేళ్లలో ఎందుకు తోచలేదు? తోచక కాదు. కోపం చల్లారితే కదా తోచడానికి. ఎల్లయ్య ఆడపిల్లలిద్దరికీ పెళ్లిళ్లయిపోయి ఏళ్లు గడిచాయి. తడికల తానాల జాగా తీసేసి, తలుపూ స్లాబూ ఉన్న బాత్రూం ఇంకో మూలకు కట్టుకున్నాడు. ఆ బాత్రూం కట్టడానికి మేస్త్రిని హాలియా నుంచి తెచ్చుకున్నాడు గాని పక్కింటి తమ్ముణ్ని పిలవలేదు. కాగితం రాసిన కారణం పోయింది. కాగితం మాత్రం ఇద్దరి పెట్టెల్లోనూ భద్రంగా ఉంది. తనది ఉత్త మొండితనమని, దానికి అండాలు ఊపిరితిత్తులు పొయ్యిలో పెట్టాడని లింగస్వామికి ఆ మజ్జిగ గ్లాసు పట్టుకుని ఉండగా తెలిసివచ్చింది.

తర్వాత పని తొందరగానే సాగింది. పై బొక్కలకు బల్ల మీద నిలబడి కొట్టాల్సి వచ్చింది. రెండుసార్లు కిందికి దిగి గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. “జర ఆగు లింగస్వామీ, గట్లెందుకు చెమటలు పోస్తున్నయ్?” అన్నాడు అమరేందర్. “ఎండ పటేలా” అన్నాడు. నిజానికి ఎండ గోడకు అవతల ఉంది. సిమెంటు జాలీలు నాలుగూ బిగించి, అంచులకు మాలు పూసి, లోపలి నుంచి సన్న ఇనుపజాలీకి మేకులు కొట్టేసరికి మూడున్నర దాటింది. చివరి జాలీ అంచును తాపీతో కాదు, బొటనవేలితో సరిచేశాడు.

సునీల్ సారు చెప్పిన వేళకే వచ్చాడు. నెమ్మదైన మనిషి. కాగితం చూశాడు, గోడలు చూశాడు, టేపు పట్టాడు. బొక్కలు జరిగాయేమిటని అడిగాడు. స్నిగ్ధ చెప్పింది. ఎదురెదురుగా ఉన్నాయి, కొలత ఉంది, చాలన్నాడు. అయినా ఒకసారి చూద్దామని షట్టరు దించమని, అమరేందర్ ఇంట్లో నుంచి నాలుగు అగర్‌బత్తీలు తెప్పించి, వెలిగించి గది నడిమిలో ఒక ఇటుక సందున గుచ్చాడు. నలుగురూ చీకట్లో నిలబడ్డారు. పొగ మొదట ఎటూ తోచనట్టు నిలువుగా లేచింది. కింది జాలీల నుంచి పొలం గాలి పాదాలకు చల్లగా తగిలింది. పొగ వంగింది, స్లాబు దాకా పోయింది, తడుముకుంది, దక్షిణం వైపు పై జాలీని కనిపెట్టి సన్నగా బయటికి జారిపోయింది.

“మంచిగ గుంజుతాంది,” అన్నాడు సునీల్ సారు. “మేస్త్రి పని నీటుగున్నది.”

లింగస్వామి ఆ పొగ బయటికి పోయిన చోటే చూస్తూ నిలబడ్డాడు. ముప్ఫయి ఎనిమిదేళ్లుగా గోడలు కడుతున్నాడు గాని, గోడలో నుంచి పొగ పోతుండగా నిలబడి చూడటం ఇదే మొదటిసారి. ఆయనకు ఏడుపొచ్చింది. చీకటిగా ఉంది కాబట్టి ఎవరూ చూడలేదు. షట్టరు లేపేసరికి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

“రేపొచ్చి రంగు పని చూసుకో,” అన్నాడు అమరేందర్.

“రేపు పొద్దుగాల నాకు ఇంటికాడ జర పనుంది పటేలా. ఎల్లుండి వస్త.”

కాలువ వంతెన మీద మోపెడ్ ఆపి కొంతసేపు కూర్చున్నాడు. రెక్క నొప్పి ఇప్పుడు మెడ దాకా పాకింది. దవాఖానకు పోతే బాగుండునని ఒక ఆలోచన వచ్చింది. ముందు ఆ ఒక్క మాట అడిగి, తర్వాత పోవచ్చనుకున్నాడు. పన్నెండేళ్లు అడగనిది ఇంకో గంట ఆగితే మళ్లీ నోరు మూతపడుతుందని ఆయనకు తన సంగతి తెలుసు.

పొద్దు ఇంకా చెట్ల మీదే ఉంది. తన ఇంటి ముందు నుంచి పోతుంటే తలుపులో నుంచి పొగ వస్తోంది. లోపల అండాలు దగ్గుతోంది. ఆగలేదు. మోపెడ్‌ను అన్న ఇంటి ముందు ఆపి, పన్నెండేళ్ల తర్వాత ఆ వాకిట్లో కాలు పెట్టాడు.

ఎల్లయ్య అరుగు మీద కూర్చుని బర్రె పగ్గం పేనుతున్నాడు. డెబ్బై దగ్గరపడ్డ మనిషి, తమ్మునిలాగే బక్కపలచన. తల ఎత్తి చూశాడు. చేతిలో తాడు ఆగింది. రమ్మని అనలేదు, పొమ్మనీ అనలేదు. లింగస్వామి అరుగు చివర, స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు.

“అన్నా,” అన్నాడు. “అండాలుకు దమ్ము లేస్తాంది. పొగల ఉండొద్దన్నరు దవాఖానల. నీ దిక్కు గోడకు, పైన సూరుకాడ, ఒక్క అడుగు బొక్క కొట్టుకుంట. కానొచ్చేది ఏం లేదు. ఇటుక అడ్డం పెట్టి కడ్త. కాయితంల వద్దని ఉన్నది, నాకెరుకే. నువ్వు ఊ అంటేనే కొడ్త.”

ఎల్లయ్య తమ్ముని వైపు చూడలేదు. పగ్గం చుట్టి పక్కన పెట్టాడు. లేచి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఒక్క క్షణం నిలబడి, ఇంటి వెనక్కి నడిచి వెళ్లిపోయాడు.

అయిపోయింది అనుకున్నాడు లింగస్వామి. లేచి పోదామంటే కాళ్లలో సత్తువ లేదు. అడిగినందుకు బాధ కలగలేదు. అడగకుండా ఇన్నేళ్లు ఉన్నందుకే బాధ కలిగింది. లోపలి నుంచి వదిన వచ్చింది. జుట్టంతా తెల్లబడింది. పక్కింట్లోనే ఉంటూ ఆమెకు ఎప్పుడు తెల్లబడిందో ఆయన చూడనే లేదు. చేతిలో చాయ్ గ్లాసు ఉంది. స్టీలు గ్లాసు, అంచు కింద చుక్కచుక్కలుగా చెక్కిన అమ్మ పేరు. పంపకాల్లో ఆ గ్లాసులు అన్న వంతుకు పోయాయి.

“తాగు లింగస్వామీ. మొకమంతా గట్లైంది ఏంది? జెరం వచ్చిందా?”

“ఏం లేదు వదినా. ఎండల పని చేసిన.”

గ్లాసు పెదాలకు ఆనించాడు. అల్లం వేసింది. అమ్మ కూడా అట్లాగే వేసేది. రెండు గుక్కలు తాగేసరికి ఇంటి వెనక నుంచి దభీమని చప్పుడు వచ్చింది. మళ్లీ ఒకటి. లింగస్వామి చెయ్యి ఆగిపోయింది. గడ్డపార. గోడ మీద గడ్డపార. ఎల్లయ్య బతుకంతా నాగలి పట్టినవాడు, గోడ కొట్టడం ఏమీ తెలియదు. నడిమి ఇటుక మీద మొద్దుగా గుద్దుతున్నాడు. అది ఏ గోడో చూడకుండానే లింగస్వామికి తెలిసింది.

“వదినా,” అన్నాడు. గొంతు సన్నగా వచ్చింది. “ఇంకా పైకెళ్లి కొట్టుమను అన్నను. సూరుకు జానెడు కింద. ఇటుక మీద గాదు, సందుల కొట్టుమను.”

ఆమె కొంగు బిగించుకుని వెనక్కి పరుగెత్తింది. ఆయన గ్లాసును జాగ్రత్తగా అరుగు మీద పెట్టి, స్తంభానికి తల ఆనించాడు. దెబ్బలు పైకి జరిగాయి. ఈసారి సందులో పడుతున్నాయి. ఆయన కట్టిన గోడ కదా, అంత తొందరగా లొంగలేదు. చాలాసేపటికి ఒక ఇటుక అవతలికి పడ్డ చప్పుడు, దాని వెనకే వంటింట్లో నుంచి అండాలు అరుపు.

“ఎవలది? గోడ ఎవలు కొడ్తాండ్రు?”

“నేనే, ఎల్లయ్యను. పొయ్యి మీది గిన్నె తీసి పక్కన పెట్టుకో. మట్టి పడ్తది.”

తర్వాత అండాలు దగ్గింది. దగ్గుతూనే ఏదో అంది, దానికి వదిన నవ్వింది. పన్నెండేళ్ల తర్వాత ఆ రెండు గొంతులూ ఒక్క చోట వినపడుతుంటే లింగస్వామికి ప్రాణం హాయిగా అనిపించింది. ఇంకా రెండు ఇటుకలు తీస్తే చాలు, అంచులు రేపు తను సరిచేస్తాడు. కళ్లు మూసుకున్నాడు.

ఎల్లయ్య ఒళ్లంతా ఎర్రదుమ్ముతో ముందుకు వచ్చాడు. బొక్క ఇంకా ఎంత వెడల్పు కావాలో అడగడానికి వచ్చాడు.

“తమ్మీ, పొగ వస్తాంది బయటికి. ఒకసారి వచ్చి సూడు,” అన్నాడు. జవాబు లేదు. “లింగస్వామీ” అని దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. భుజం చెయ్యితో పాటే మెల్లగా పక్కకు వాలింది. ఎల్లయ్య తమ్ముణ్ని రెండు చేతులతో పట్టుకుని, తల తన ఒళ్లోకి తీసుకుని, ఎవరినీ పిలవకుండా అట్లాగే కూర్చున్నాడు. ఇంటి వెనక ఆడవాళ్లిద్దరూ ఇంకా బొక్క లోపలికీ బయటికీ మాట్లాడుకుంటున్నారు. వాళ్లను ఇప్పుడే పిలవడానికి ఆయనకు మనసు రాలేదు.

అరుగు మీద స్టీలు గ్లాసులో సగం చాయ్ అట్లాగే ఉంది, పైన పలుచగా మీగడ కట్టింది.